ముక్కుసూటి దూరం

ఆ చిన్న విమానాశ్రయంలో అందరూ అతన్ని 'రోడ్డు పైలట్' అనేవారు. సామాను ఎక్కించేవాళ్లు వేళాకోళానికి పెట్టిన పేరు అది. తర్వాత మేనేజరమ్మ కూడా అలాగే పిలవడం మొదలుపెట్టింది. చివరికి హాజరుపట్టీలో అతని అసలు పేరు చూసి, "ఈయనెవరండీ, ఎప్పుడూ కనబడలేదు?" అని కొత్తగా చేరినవాళ్లు అడిగేదాకా వచ్చింది. అతను నొచ్చుకునేవాడు కాదు. యాభై రెండేళ్లు వచ్చాయి, ఇంట్లో పిలిచేవాళ్లు లేరు. బయటైనా ఏదో ఒక పిలుపంటూ ఉంటే మంచిదే కదా అనుకునేవాడు.

అతని ఉద్యోగం వినడానికి చిత్రంగా ఉంటుంది. విమానం ఎగిరితే అతనికి పని లేదు. ఎగరకపోతేనే పని.

ఊరు కొండల మధ్య గిన్నెలో అడుగున ఉన్నట్టు ఉంటుంది. మబ్బు దిగిందంటే గిన్నెకి మూత పెట్టినట్టే. రోజుకి ఒక్కటే విమానం, రెక్కలకి పంకాలు తిరిగే నలభై సీట్ల చిన్నది. తొమ్మిదీ నలభైకి వస్తుంది, పదీ ఇరవైకి తిరిగి వెళ్తుంది. మబ్బున్న రోజు పైన రెండు చుట్లు తిరిగి, నేల కనబడక, వచ్చిన దారినే పోతుంది. అప్పుడు ఇక్కడ టికెట్లు పట్టుకుని కూర్చున్నవాళ్లని అవతలి ఊరికి చేర్చాలి. దానికోసం కంపెనీవాళ్లు ఇరవై నాలుగు సీట్ల బస్సు ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంచేవారు. ఆ బస్సు అతనిది. అంటే కాంట్రాక్టరుది, నడిపేది అతను.

ప్రయాణికులు కూర్చునే హాల్లో గోడకి ఒక పటం ఉండేది. రెండు చుక్కలు, వాటి మధ్య ఎర్ర గీత, కింద 'విమాన దూరం 218 కి.మీ.' అని అక్షరాలు. అందరూ దాని ముందు కూర్చునే గంటలు గంటలు ఎదురుచూసేవారు కాబట్టి, ఆ అంకె అందరికీ నోటికి వచ్చేసేది. అందుకే బస్సెక్కగానే మొదటి తగాదా దాని గురించే.

"రెండొందల పద్దెనిమిది కిలోమీటర్లకి తొమ్మిది గంటలేమిటయ్యా? నడిచిపోయినా అంతకన్నా ముందే చేరతాం!"

"అది గాలిలో లెక్క బాబూ, ముక్కుసూటిగా పోతే. మనకి మధ్యలో కొండ అడ్డం. దాన్ని బతిమాలుకుంటూ, దాని చుట్టూ తిరుగుతూ పోవాలి. నాలుగొందల ముప్పై ఒకటి."

ఈ జవాబు అతను కొన్ని వందల సార్లు చెప్పి ఉంటాడు. ఎప్పుడూ విసుక్కోలేదు. విమానానికి డబ్బు కట్టి బస్సెక్కినవాడికి కోపం రావడం న్యాయమే. పైగా ఎంత కోపంగా ఉన్నా వాళ్లు మనుషులు. తొమ్మిది గంటలు వెనకాల కూర్చుంటారు. గురక పెడతారు, తగువులాడతారు, ఫోన్లో అల్లుడి మీద చాడీలు చెబుతారు, ఇంకెంత దూరం అని అడుగుతారు. ఆ చప్పుడంతా అతనికి కావాలి.

ఎందుకంటే విమానం సరిగ్గా ఎగిరిన రోజు పదకొండింటికల్లా అతని పని అయిపోయేది. గదికి వెళ్లేవాడు. మేడ మీద ఒంటి గది, కిటికీలోంచి ఎదురింటి వెనక గోడ. చొక్కా ఉతికేవాడు, గుడ్డు ఉడకబెట్టుకునేవాడు, రేడియో పెట్టి వినకుండా పడుకునేవాడు. నాలుగింటికి లేచి, ఇంకా పొద్దు ఇంత మిగిలిందా అని గడియారం వైపు చూసేవాడు. వరసగా పదిరోజులు ఎండ కాస్తే, కొట్టువాడితో 'టీపొడి ఇవ్వు' అన్న మాట తప్ప ఇంకో మాట నోట్లోంచి వచ్చేది కాదు.

కాబట్టి పొద్దున లేవగానే ఆకాశం వైపు చూసి, మబ్బుంటే సంతోషించేవాడు. ఆ వెంటనే సిగ్గుపడేవాడు. ఆ విమానంలో ఎవరికో ఆపరేషను ఉంటుంది, ఎవరికో పరీక్ష ఉంటుంది, ఇంకెవరో చివరిచూపుకి పోతుంటారు. వాళ్ల ప్రయాణం చెడితేగానీ తనకి తోడు దొరకదు. ఇదేం పాడుబుద్ధి అని తనని తానే తిట్టుకుని ముఖం కడుక్కునేవాడు. మర్నాడు మళ్లీ ఆకాశం వైపే చూసేవాడు.

అతను పుట్టుకతో ఒంటరివాడు కాదు. పెళ్లయింది. పదకొండేళ్లు కాపురం చేశాడు. కాపురం అనేది మాటవరసకి. ఆ రోజుల్లో అతను దూరప్రాంతాల లారీ నడిపేవాడు. నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఆ నాలుగు రోజుల్లో మూడు నిద్రపోయేవాడు. పిల్లలు కలగలేదు. ఒకసారి ఆమెకి కడుపులో పేగు ఆపరేషను జరిగింది. అతను అప్పుడు తొమ్మిది వందల కిలోమీటర్ల అవతల సరుకు దించుతున్నాడు. ఐదో రోజున ఇంటికి చేరాడు, చేతిలో కొత్త ప్రెషర్ కుక్కరుతో. దారిలో చవగ్గా దొరికిందట. ఆమె మంచం మీద పడుకునే ఆ కుక్కరు వైపు చాలాసేపు చూసి, "బాగుంది," అంది.

తర్వాత రెండేళ్లకి వెళ్లిపోయింది. పోట్లాట లేదు, కేకలు లేవు. అతను లారీ దిగి ఇంటికొచ్చేసరికి గదులు ఊడ్చి, గిన్నెలు బోర్లించి, దుప్పట్లు మడత పెట్టి ఉన్నాయి. కింది వాటాలో కుట్టుపని చేసే ఆవిడ తాళంచెవి ఇచ్చి, "మీ ఆవిడ వాళ్లక్క దగ్గరికి వెళ్లింది బాబూ. నీకు కబురేం లేదంది," అని చెప్పింది.

వాళ్లక్క ఉండేది విమానం వెళ్లే ఆ అవతలి ఊళ్లో. అక్కడ ఆసుపత్రి దుస్తులు కుట్టే కర్ఖానాలో ఆమె బట్ట కత్తిరించే పనిలో కుదిరిందని, తర్వాత్తర్వాత అక్కడే పెద్ద కటింగ్ మాస్టరు అయిందని అతనికి వాళ్లూ వీళ్లూ చెబితే తెలిసింది. అతను లారీ మానేశాడు. ఒక్కచోట ఉండే పని కావాలని వెతుక్కుని ఈ స్టాండ్‌బై బస్సు ఉద్యోగంలో చేరాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. తమాషా ఏమిటంటే ఆ ఒక్కచోట ఉండే పనే అతన్ని ఏడాదికి నలభైసార్లు ఆమె ఊరికి తీసుకుపోయేది. సాయంత్రం జనాన్ని దించి, అక్కడి విమానాశ్రయం వెనక డ్రైవర్ల గదిలో పడుకుని, పొద్దున్నే వెనక్కి వచ్చేవాడు. కర్ఖానా అక్కడికి నాలుగు కిలోమీటర్లు. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా ఆ వీధికి వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి? ఈసారి వచ్చినప్పుడు చూద్దాంలే అనుకునేవాడు. ఆ ఈసారి అలా తొమ్మిదేళ్లు సాగింది.

పదో ఏట, వానలు వెనకబట్టే రోజుల్లో ఒక పొద్దున మబ్బు నేలకి ఆనుకుని పడుకుంది. పది గంటలకి మేనేజరమ్మ బయటికొచ్చి, "రోడ్డు పైలట్‌గారూ, ఇంజను స్టార్ట్ చెయ్యండి. తొమ్మిదిమంది," అంది.

అతను తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ లెక్కపెట్టి ఎక్కించాడు. ముందుగా కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన, ఎక్కుతూనే తిట్టడం మొదలుపెట్టాడు. తర్వాత నాలుగేళ్ల కూతురితో ఒక తల్లి. తర్వాత మిగతావాళ్లు. ఎనిమిదిమందయ్యారు. తొమ్మిదో మనిషి హాల్లోంచి చిన్న పెట్టె పట్టుకుని, తల వంచుకుని నీళ్లగుంట దాటుతూ వచ్చింది. తలెత్తింది.

అతని భార్య. ఆమె కూడా అతన్ని గుర్తుపట్టి అక్కడే ఆగిపోయింది. కణతల దగ్గర జుట్టు నెరిసింది. కళ్లజోడు వచ్చింది. అంతే తేడా. లోపల్నుంచి కోటాయన, "ఇంకా ఎవరికోసమయ్యా? కదులుతావా లేదా?" అని అరిచాడు.

"మీ పెట్టె పైన పెట్టమంటారా అండీ?" అన్నాడు అతను.

జీవితంలో మొదటిసారి ఆమెని 'మీరు' అన్నాడు. ఆమె కూడా ఆ మాట విన్నట్టుంది. "వద్దండీ. ఒళ్లో పెట్టుకుంటాను," అని ఎక్కి, చివర్నుంచి రెండో వరసలో కిటికీ పక్కన కూర్చుంది.

ఊరు దాటేదాకా అతనికి గేరు ఏది మారుస్తున్నాడో తెలియలేదు. అద్దంలో ఆమె భుజం, కిటికీకి ఆనించిన తల కనబడుతున్నాయి. లారీలో ఉన్నప్పుడు ఇంటి గుర్తుకి ఆమె ఫొటో అద్దం పక్కన అంటించుకునేవాడు. ఇప్పుడు మనిషే అద్దంలో ఉంది. 'ఒళ్లు దగ్గర పెట్టుకో' అని తనకి తాను చెప్పుకున్నాడు. వెనక తొమ్మిది ప్రాణాలున్నాయి.

ఘాట్ మొదలయ్యాక కోటాయన మళ్లీ అందుకున్నాడు. "రెండొందల పద్దెనిమిది అని గోడ మీద రాస్తారు, నాలుగొందలు తిప్పుతారు. ఇది మోసం కాదా?"

"మోసమే బాబూ. కానీ చేసింది కొండ. దిగాక దాని మీద కేసు వెయ్యండి, నేను సాక్ష్యం చెబుతాను."

బస్సంతా నవ్వింది. కోటాయనకీ మూతి పక్కన కొంచెం నవ్వు వచ్చింది. రెండు మలుపులు తిరిగేసరికి పాపకి వాంతి వచ్చేట్టయింది. అతను బస్సు పక్కకి తీసి ఆపాడు. డాష్‌బోర్డు అరలో ఎప్పుడూ నిమ్మకాయలు ఉంచుకునేవాడు. ఒకటి గోటితో గిచ్చి పాప ముక్కు దగ్గర పెట్టాడు.

"ఏం తల్లీ, కడుపులో బస్సు తిరుగుతోందా?"

పాప తలూపింది.

"నువ్వు నా పక్కన కూర్చుని మలుపులు లెక్కపెట్టాలి. మొత్తం నలభై మూడు. ఒక్కటి తప్పినా నేను దారి మర్చిపోతాను. సరేనా?"

పాప నిమ్మకాయ పట్టుకుని ముందు సీట్లో తల్లి ఒళ్లో కూర్చుంది. పన్నెండు దాకా వచ్చు. తర్వాత మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేది. అతను ప్రతిసారీ, "అమ్మో, నువ్వు చెప్పకపోతే ఇది దాటిపోయేవాణ్ని," అనేవాడు. అరగంటలో పాప నిద్రపోయింది. ఆ తర్వాత బస్సుని ఎంత మెల్లగా మలిపాడంటే పిల్ల తల ఒక్కసారి కూడా పక్కకి జారలేదు. అద్దంలోకి చూశాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూడటం లేదు. అతన్నే చూస్తోంది.

కొండ దిగాక, రేకుల కప్పున్న హోటలు దగ్గర భోజనానికి ఆపాడు. ఒంటిగంటన్నర. అందరూ లోపలికి వెళ్లారు. అతను టైర్లు తట్టి చూస్తూ బస్సు చుట్టూ తిరుగుతుంటే ఆమె వచ్చి నిలబడింది.

"బాగున్నావా?" అంది.

"బాగానే ఉన్నా. నువ్వు?"

"ఉన్నాను. నిన్న రెండుసార్లు నీ గదికొచ్చాను. తాళం. ఈ బస్సు నీదని తెలియదు."

ముందురోజు బ్రేకుల పని పడి పొద్దుగూకేదాకా మెకానిక్ షెడ్డులో కూర్చున్నాడు. ఆ మాటే చెప్పాడు.

"పక్కింటావిడ చెప్పింది, వేళాపాళా ఉండదమ్మా ఆయనకి అని. నేనేమీ అనలేదులే." ఆమె కొంచెం నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి, "నీ కోసమే వచ్చాను," అంది.

ఆ క్షణంలో అతనికి గది గుర్తొచ్చింది. మంచం ఒక్కటే ఉంది, ఇంకోటి కొనాలి, కిటికీకి తెర కట్టాలి అని కూడా తోచింది. ఆమె పెట్టె తెరిచి, మడత పెట్టిన కాగితాలు తీసింది.

"సంతకం కావాలి. లాయరు రాసిచ్చాడు. ఇద్దరికీ ఇష్టమేనని సంతకం పెడితే, ఒకసారి కోర్టులో కనబడితే చాలట."

అతను కాగితాలు అందుకోలేదు. చేతులకి గ్రీజు ఉందన్నట్టు ఎత్తి చూపించాడు. జేబురుమాలుతో తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు.

"ఎవరన్నా ఉన్నారా?" అన్నాడు.

"ఉన్నారు. నీళ్ల ఆఫీసులో మీటర్లు రాసుకునే ఉద్యోగం. భార్య పోయింది."

"మంచివాడేనా?"

"సాయంత్రం ఆరింటికి ఇంటికొస్తాడు," అంది ఆమె.

పొడవాలని అన్న మాట కాదు అది. అడిగినదానికి చెప్పింది, అంతే. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. అతను పనిముట్ల పెట్టె మూత మీద కాగితం పరిచి, ఆమె చూపించిన మూడు చోట్లా సంతకం పెట్టాడు. ఎంత తుడుచుకున్నా చివరి కాగితం అంచు మీద బొటనవేలి నల్ల మరక పడింది.

"అయ్యో," అన్నాడు.

"పర్లేదులే." ఆమె కాగితాలు మడిచి లోపల పెట్టుకుంది. వెళ్లిపోతుందనుకున్నాడు. వెళ్లలేదు. "పదకొండేళ్లలో నువ్వు నడిపే బండి ఒక్కసారి కూడా ఎక్కలేదు నేను."

"ఓనరు లారీలో ఇంటివాళ్లని ఎక్కించనిచ్చేవాడు కాదు."

"తెలుసు. తప్పు పట్టడానికి అనట్లేదు. ఇవాళ చూశాను కదా. ఆ పాపతో మాట్లాడావు, ఆ కోటాయన్ని నవ్వించావు. ఇంటికొస్తే నీకు ఒక్క మాట ఉండేది కాదు. ఎప్పుడూ అనుకునేదాన్ని, ఈ మనిషికి మాటలే రావేమో అని." ఆమె గొంతులో కోపం లేదు. "మాటలన్నీ రోడ్డు మీదే ఖర్చయిపోయేవన్నమాట."

నిద్ర ఉండేది కాదు, అందుకని, అని చెబుదామనుకున్నాడు. అది నిజమే కానీ మొత్తం నిజం కాదు. ఇంట్లో ఆమె ఎప్పుడూ ఉంటుందని, మాటలు తర్వాత చెప్పొచ్చని అనుకున్నాడు. అదే నిజం.

"తిన్నావా?" అన్నాడు చివరికి.

"ఆకలి లేదు. నువ్వు తిను. ఇంకా నడపాలిగా."

భోజనాలయ్యాక ఆమె వెనక్కి పోలేదు. తలుపు పక్కన ఒంటి సీటుంటుంది, అందులో కూర్చుంది. మిగిలిన ఐదు గంటలూ ఇద్దరూ ఎవరో కొత్తవాళ్లు మాట్లాడుకున్నట్టు మాట్లాడుకున్నారు. ఇక్కడ కిందటేడు కొండచరియ పడిందని, ఈ వంతెన మీద లారీలు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిందేనని అతను చెప్పాడు. బట్ట ఒకేసారి నలభై పొరలు పరిచి కత్తిరిస్తామని, ఒక్క అంగుళం తేడా వస్తే నలభై చొక్కాలూ పాడేనని ఆమె చెప్పింది. "డ్రైవర్‌గారూ, ఇంకెంత దూరం?" అని ఒకసారి అడిగింది. అందరూ అడిగేదే. నూట పది కిలోమీటర్లుంది. అబద్ధం చెబుదామా అనిపించింది. కాసేపటికి చూసుకుంటే బండి నలభైలో పోతోంది. రోడ్డు ఖాళీగా ఉంది, అరవైలో పోవచ్చు. పాప నిద్ర లేచి ఇంటికెప్పుడు వెళ్తామమ్మా అని అడుగుతోంది. అతను అరవైకి తెచ్చాడు.

ఏడు దాటింది చేరేసరికి. దీపాలు వెలుగుతున్నాయి. అందరూ దిగారు. కోటాయన దిగుతూ, "బాగా నడిపావయ్యా," అని చేయి కలిపి వెళ్లాడు. ఆమె మెట్టు మీద ఆగి, "వాయిదా తేదీ ఉత్తరం వస్తుంది. రావాలి మరి," అంది.

"వస్తాను."

"బస్సులో కుదరదు. మధ్యాహ్నం రెండింటికల్లా ఉండాలి."

"ఎలాగో వస్తాలే," అన్నాడు. ఆమె ఎక్కిన టాక్సీ ఎర్రదీపం మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు.

రెండు నెలలకి ఉత్తరం వచ్చింది. అతను దాన్ని మేనేజరమ్మకి చూపించి సెలవడిగాడు. ఆవిడ చదివి, కళ్లజోడు తీసి, ఉత్తరం మడిచి అతని చేతికిచ్చింది. తర్వాత, "తొమ్మిదేళ్ల నుంచి మా విమానం బదులు తిరుగుతున్నారు. ఒక్కసారన్నా ఎక్కారా?" అని అడిగింది. లేదన్నాడు. "ఆ రోజు మీకు సీటు నేను ఇప్పిస్తాను. రానూ పోనూ."

ఆ పొద్దున లేచి అలవాటుగా కిటికీలోంచి తల బయటికి పెట్టి ఆకాశం చూశాడు. మబ్బుంటే కోర్టు తప్పుతుంది. బస్సు నడపాల్సింది కూడా తనే. తప్పితే ఇంకో రెండు నెలలు ఆమె అతని భార్యగానే ఉంటుంది. అలా ఉండటం వల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు, అయినా ఉంటుంది. ఆకాశం కడిగినట్టు నీలంగా ఉంది. అతను గడ్డం గీసుకున్నాడు.

విమానంలో కిటికీ సీటు ఇచ్చారు. నేల వదిలినప్పుడు రెండు చేతులతో ముందు సీటు పట్టుకున్నాడు, స్టీరింగు లేకుండా ఎప్పుడూ ఇంత వేగంగా పోలేదు. తర్వాత కిందికి చూశాడు. కొండ కనబడింది. అంత కొండా ఇంతేనా అనిపించింది. దాని మీద తన రోడ్డు ఎక్కడుందో వెతికాడు. మలుపులు దొరికాయి, లెక్కపెట్టబోయాడు. ఏడెనిమిది అయ్యేలోగా కొండ వెనకబడిపోయింది. రేకుల హోటలు కోసం చూశాడు. ఒకలాంటి రేకులు పది కనబడ్డాయి. ఇచ్చిన టీ సగం తాగాడో లేదో, బెల్టులు పెట్టుకోండి, దిగుతున్నాం అన్నారు. గడియారం చూసుకున్నాడు. నలభై రెండు నిమిషాలు.

ఇంత దగ్గరా, అనుకున్నాడు. ఆ మాట ఆ రోజంతా వదల్లేదు.

కోర్టు వరండాలో బల్ల మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. మధ్యలో ఆమె సంచీ. పేర్లు పిలిచారు. జడ్జి కాగితాలు తిప్పి, గ్రీజు మరక దగ్గర ఒక్క క్షణం ఆగి, ఇద్దరికీ ఇష్టమేనా అని అడిగాడు. ఆమె అవునంది. అతను అవునన్నాడు. ఎవరి బలవంతమూ లేదు కదా అని జడ్జి మళ్లీ అడిగాడు. లేదన్నారు. అంతా అయి బయటికి రావడానికి విమానంలో పట్టినంత సేపు కూడా పట్టలేదు.

మెట్ల కింద ఒక బక్కపలచటి మనిషి నిలబడి ఉన్నాడు, చేతిలో టిఫిను డబ్బా సంచీతో. నీళ్ల ఆఫీసాయన. దగ్గరికొచ్చి ఇబ్బందిగా చెయ్యి చాపాడు.

"మీ గురించి చెప్పింది. కడుపులో చల్ల కదలకుండా నడుపుతారట బస్సు."

"మీరు ఆరింటికి ఇంటికొస్తారట," అన్నాడు అతను.

ఆయన ఏదో తప్పు చేసినట్టు, "ఆఫీసు ఐదున్నరకి మూసేస్తారండీ," అన్నాడు. ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆమె అతని వైపు చూసి, "వేళకి తిను," అంది. వాళ్లిద్దరూ రోడ్డు దాటి వెళ్లారు. ఆయన ముందు నడుస్తూ, వాహనం వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి ఆమెని ఆపి, మళ్లీ నడిచాడు.

ఆ సాయంత్రం డ్రైవర్ల గదిలోనే పడుకున్నాడు. మర్నాడు పొద్దున ఎనిమిదీ యాభైకి విమానం. టికెట్టు జేబులో ఉంది. విమానాశ్రయం గేటు దాకా వెళ్లాడు. నలభై రెండు నిమిషాలు, ఆ తర్వాత గది. అంత తొందరగా ఇంటికి చేరాలని అతనికి అనిపించలేదు. వెనక్కి తిరిగి, బస్టాండుకి నడిచి, కొండదారిన వెళ్లే మామూలు బస్సెక్కాడు.

డ్రైవరు కొత్తవాడు. మొదటి మలుపులోనే గేరు ఆలస్యంగా మార్చాడు. సీట్లో కూర్చున్న అతని కుడికాలు, బ్రేకు ఉన్నట్టు, దానంతటదే నేలని తొక్కింది. పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది, కాళ్ల దగ్గర ఉల్లిపాయల గోనె. చాలాసేపు అతని కాలి వైపు చూసి, "ఏం నాయనా, బస్సు నువ్వు నడుపుతున్నావా ఆయన నడుపుతున్నాడా?" అంది.

"అలవాటమ్మా. నేనూ డ్రైవర్నే."

"అట్లా చెప్పు. ఈ ఊళ్లో ఎవరున్నారు నీకు?"

ఎవరూ లేరు, పని మీద వచ్చాను అని చెప్పబోయాడు. బస్సెక్కే ప్రతివాళ్లతోనూ అతను ఏదో ఒకటి మాట్లాడతాడు. తన సంగతి మాత్రం ఎవరికీ చెప్పింది లేదు.

"నా భార్య ఉండేది," అన్నాడు. "నిన్న విడాకులయ్యాయి."

పెద్దావిడ అయ్యో అనలేదు. తప్పెవరిదని అడగలేదు. అతని మొహం ఒకసారి పట్టి చూసి, "పొద్దుటినుంచి ఏమన్నా తిన్నావా?" అంది.

"లేదు."

ఆవిడ సంచీలోంచి రొట్టె తీసి, రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క అతని చేతిలో పెట్టింది. గట్టిపడిన రొట్టె. మెల్లగా నమిలి మొత్తం తిన్నాడు. ఆవిడ తన ఉల్లిపాయల ధర గురించి, మోకాళ్ల గురించి, మాట వినని మనవరాలి గురించి చెబుతూ పోయింది. అతను ఊఁ కొడుతూ విన్నాడు. ఘాట్ మొదలయ్యేసరికి అతని కళ్లు మూతలు పడ్డాయి. తల పక్కకి వాలి ఆవిడ భుజం మీద పడింది. ఆవిడ గోనెని కాలితో అటు జరిపి, అతని తలకి వీలుగా కొంచెం ఇటు సర్దుకుని కూర్చుంది.